మగ్గం మీద కంబళి

నేను గడపలో చెప్పులు విడిచేలోపే మునినారాయణప్ప మగ్గం మీద కంబళి కప్పేశాడు. నల్ల గొర్రెబొచ్చు కంబళి, అక్కడక్కడ చిమ్మెటలు కొరికినది. నాలుగు మూలలూ లాగి, మగ్గం కట్టెలకు అంతా సరిగా అందిందో లేదో వంగి చూసుకొని, అప్పుడు నావైపు తిరిగాడు.

"పీణ్యలో పనంట గదప్పా?"

"అవునన్నా. లేత్ షాపులో."

"ఏం చేస్తారు ఆడ?"

"షాఫ్టులు, బుష్షులు. ఆర్డరును బట్టి."

"పవర్‌లూములకు కూడా చేస్తారు గదా?"

చేస్తామని నిజమే చెప్పాను. చెప్పకూడదని అప్పటికి నాకు తెలియదు. ఆయన తలాడించి, గోడవారగా ఉన్న ముక్కాలిపీట చూపించాడు. మగ్గానికి అన్నిటికంటే దూరంగా ఉన్నది అదే.

1998లో మాట ఇది. కబ్బన్‌పేట సందుల్లో అప్పటికి చేతిమగ్గాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. తక్కిన ఇళ్ళన్నీ పవర్‌లూములే. పొద్దున ఎనిమిదింటికి మొదలయ్యే ఆ చప్పుడులో వీధిలో ఇద్దరు మాట్లాడుకోవాలంటే ఒకరి చెవిలో ఒకరు అరవాలి. ఆదివారం ఒక్కరోజు అవి ఆగుతాయి. అందుకే నేను ఆదివారాలు వెళ్ళేవాణ్ణి.

వెళ్ళింది ఒక నాటకం కోసం. మా షాపులో నాకంటే పెద్దవాడైన నరసింహప్ప భజనల్లో మద్దెల వాయిస్తాడు. పాత కాగితాలు ఎక్కడున్నా కూడబలుక్కొని చదివే అలవాటు నాకుందని ఆయనకు తెలుసు. "కబ్బన్‌పేటలో ఒక నేతగాని ఇంట్లో పాతకాలం నాటకం ఉండాది. మూడొందల ఏండ్లదంట. పేరు వలువరాజు విలాసం. పో, చూడు. నేను మాత్రం రాను. ఆయప్ప తన నీడను కూడా రెండుసార్లు చూసి నమ్మే రకం" అన్నాడు.

మునినారాయణప్పకు ఆ అనుమానం ఊరికే రాలేదు. ఆ సంగతి ఆయన భార్య శాంతమ్మ నాకు రెండో ఆదివారం కాఫీ ఇస్తూ చెప్పింది. పక్కసందు దొడ్డప్ప ఒకప్పుడు ఈయనతోపాటు గుంటమగ్గం మీద కూర్చున్నవాడే. తర్వాత పవర్‌లూములు పెట్టాడు. పదేళ్ళ కింద ఒకరోజు ఇంటికొచ్చి, ఇదే పీట మీద కూర్చొని, కాఫీ తాగి, మగ్గం మీదున్న చీర చూసి, "బాగుండాది అన్నా" అని వెళ్ళాడు. నెల తిరక్కుండా ఆ కొంగు చిక్కపేట అంగళ్ళలో గుట్టలుగా వేలాడింది. "ఆ కాఫీలోకి చక్కెర కూడా నేనే ఎక్కువ వేసి ఇస్తినప్పా" అంది శాంతమ్మ. అప్పటినుంచి ఆమె కూడా కాఫీలో చక్కెర చూసి వేస్తుంది.

ఇక మునినారాయణప్పకు మిగిలింది ఒక్క అంచు. వాళ్ళ నాయన నేర్పింది. జరీ పైకి లేచి, మునిగి, మళ్ళీ లేచే అంచు. ఎక్కడా వరస సరిగ్గా రెండుసార్లు ఒకేలా రాదు, అయినా కంటికి ఎక్కడా తప్పినట్టుండదు. చిక్కపేట అంగడాయన ఏడాది పొడుగునా ఈయన చీరలు తీసుకోవడానికి కారణం ఆ అంచే. "ఇది ఇంకొకరు నేసిన రోజు నీ చీరకూ దొడ్డప్ప చీరకూ తేడా ఏముండాది?" అని ఆ అంగడాయన మొహం మీదే అన్నాడట. ఆ లెక్క బయటికి పోతే ఆ ఇంట్లో మగ్గం లేదు. అరవై ఏళ్ళ వయసులో ఆయనకు ఇంకో పని రాదు.

నాటకం ఎక్కడ ఉంచాడో నాకు మూడు ఆదివారాల దాకా తెలియలేదు. "ఆకు తెస్తా, నువ్వు అట్ల తిరుగు" అనేవాడు. నేను గోడమీది దేవుని పటాలవైపు తిరిగేవాణ్ణి. మగ్గంగుంటలోకి దిగిన కాళ్ళ చప్పుడు, అందులో ట్రంకుపెట్టె మూత చప్పుడు. ఒకేఒక్క ఆకు తెచ్చి నా ముందు పెట్టేవాడు. మందపాటి పాత కాగితం, అంచులు గోధుమరంగు తిరిగింది. దానికి రెండువైపులా కొత్త కాగితం పట్టీలు గంజితో అతికించి ఉండేవి. మధ్యలో ఉన్న అక్షరాలు మాత్రమే నాకు కనిపించేవి.

"ఆ పట్టీల కింద ఏముందన్నా?"

"ఏమీ లేదు. సుమ్నె, ఊరికే. కాగితం చిరగకుండా."

చిరిగేచోట పట్టీ లేదు. పట్టీ ఉన్నచోట చిరుగు లేదు. నాకూ అనుమానం పుట్టింది. ఏ పొలం సరిహద్దో, ఏ పాత పంచాయతీ తీర్పో, ఏ కులం మీద నిందో పక్కన రాసి ఉంటుందనుకున్నాను. ఎండ సూటిగా పడినప్పుడు పట్టీ కింద ఏవో చిన్నచిన్న గుర్తులు లీలగా కనిపించేవి. నేను తల వంచగానే ఆయన అరచేయి అడ్డం పెట్టేవాడు.

అలా ఆయన నన్నూ, నేను ఆయన్నూ కనిపెట్టుకుంటూ నాలుగు నెలలు చదివాం. నేను గట్టిగా చదివి నోటుబుక్కులో ఎక్కించుకోవాలి, ఆయన వినాలి. అది ఆయన పెట్టిన షరతు. వినకపోతే నేనేం రాసుకుంటున్నానో ఆయనకు తెలిసేదెట్లా? వంటింటి గడపలో శాంతమ్మ కూర్చొని బియ్యంలో రాళ్ళేరుతూ వినేది.

నాటకం కథ చిన్నదే. వలువరాజు అనే రాజు మారువేషంలో సాలెవాడకు వస్తాడు. ఒక నేతగత్తె ఇంటి ముందు నిలబడి మగ్గం చూపించమంటాడు. ఆమె మగ్గం మీద బట్ట కప్పి ఇట్లా అంటుంది:

"ఎవ్వరివయ్యా నీవు? మా మగ్గమునకు మైల సోకెను. మూడు పక్షములాయె. ముట్టరాదు, చూడరాదు, పోయిరావయ్యా."

నేను నోటుబుక్కులో పక్కన "హాస్యం" అని రాసుకున్నాను. మనుషులకు మైల ఉంటుంది గానీ మగ్గానికి మైలేమిటి? జనాన్ని నవ్వించడానికి కవి వేసిన ఎత్తనుకున్నాను.

"ఏం రాసుకుంటివి?" అన్నాడు మునినారాయణప్ప.

చెప్పాను.

"హాస్యమా? దాంట్లో నవ్వేదేముండాదప్పా? ఆయమ్మ వచ్చినోణ్ణి నమ్మలే. అంతే."

"నమ్మకపోతే పొమ్మనొచ్చు గదన్నా. కప్పడమెందుకు?"

ఇద్దరం ఒకేసారి గది మధ్యలో నల్ల కంబళి కింద ఉన్న మగ్గంవైపు చూశాం. వంటింటి గడపలో శాంతమ్మ చేట పక్కన పెట్టి కొంగుతో నోరు మూసుకుంది.

"నువ్వెందుకు కప్పుతావయ్యా, చెప్పు ఆయప్పకు" అంది.

"మా నాయన కప్పుతాండె. నేను కప్పుతాండా."

"మీ నాయన ఎందుకు కప్పుతాండె?"

"వాళ్ళ నాయన కప్పుతాండె" అన్నాడు ఆయన విసుగ్గా.

ఆ వారమంతా నేను అవెన్యూ రోడ్డు ఫుట్‌పాత్ మీద పాత చరిత్ర పుస్తకాలు తిరగేశాను. ఆ కాలంలో చాలాచోట్ల మగ్గానికింత అని పన్ను ఉండేదని తెలిసింది. అదే ఆ తర్వాతి ఆదివారం చెప్పాను.

మునినారాయణప్ప నా మాట పూర్తికానివ్వలేదు. "చూస్తివా! ఆడే మగ్గానికే గదా పన్ను. కప్పితే ఆడనట్టు. మైల అంటే సుంకమోడు ముట్టుకోడు, బట్ట ఎత్తి చూడడు. ఆయమ్మ తెలివి చూడు." తర్వాత గొంతు తగ్గించి, "అంటే మా ఇంట్లో ఇది దొడ్డప్పకోసం మొదలైంది కాదన్నమాట" అన్నాడు. కాసేపు కంబళి అంచు వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చున్నాడు. నేను "హాస్యం" అన్న మాట కొట్టేశాను.

ఆ రోజునుంచి ఆయన వినే తీరు మారింది. అనుమానం పోలేదు, నామీదనుంచి నాటకం మీదికి జరిగింది. చివరికి రాజు మగ్గంపన్ను మాఫీ చేశాడన్న చోటికి రాగానే చేయెత్తి ఆపాడు.

"ఇది అబద్ధం. పన్ను తీసేసిన రాజు ఎవడప్పా? రాజే రాయించుకోనుంటాడు."

"అయితే నేతగత్తె రాజును చీపురుతో కొట్టింది కూడా ఉంది గదన్నా. రాజు రాయించుకుంటే అది ఉండనిస్తాడా?"

ఆయన ఆ ఆకు మళ్ళీ తెప్పించాడు, అంటే తానే వెళ్ళి తెచ్చాడు. రెండు ఆకులూ కిటికీ దగ్గర పక్కపక్కన పట్టుకున్నాడు. నూలు రంగులో వెంట్రుకవాసి తేడా పట్టే కళ్ళవి.

"సిరా వేరే. చెయ్యి కూడా వేరే. చూడు, ఈడ గుడి చుట్టేది లావుగా ఉండాది. రాజు ముందర ఆడినప్పుడు మాఫీ, మన వీధిలో ఆడినప్పుడు చీపురు. ఎవుని ముందర ఏది ఆడల్లో వాళ్ళకు తెలుసు. చీపురు రాసింది మావోళ్ళే."

పుస్తకాలన్నీ తిరగేసినా నాకు తట్టనిది అది. అనుమానించేవాడికే అది కనిపిస్తుంది.

చివరి రెండు ఆకుల మీద మాత్రం పట్టీలు లేవు. పట్టీ వేయడానికి పక్క భాగమే లేదు, ఎలుకలు తినేశాయి. మధ్యలో పాట మిగిలింది. నేతగత్తె తనంతట తాను మగ్గం మీది బట్ట తీసే దరువు అది.

"మూత తీసితినయ్య, నేత చూడవయ్య, దాచినంత కాలము దాచితినయ్య..."

దీన్ని ఏ తాళంలో పాడాలో రాసిన చోటు ఎలుకల కడుపులోకి పోయింది. నేను నాకు తోచినట్టు చదివాను. మాటలు ఎక్కడో కుంటుతున్నాయని నాకే తెలిసింది. ఎలాగూ నాకు తాళం తెలియదు కాబట్టి మరుసటి ఆదివారం నరసింహప్పను బతిమాలి తీసుకెళ్ళాను.

ఆ రోజు మేం గంట ముందుగా చేరాం. తలుపు వేసి ఉంది. లోపల మగ్గం ఆడుతోంది. పవర్‌లూములు ఆగిన వీధిలో ఆ చప్పుడొక్కటే. ఇన్ని నెలలుగా ఆ ఇంటికి వస్తూ ఆ మగ్గం ఆడుతుండగా నేను వినడం అదే మొదలు. నేను తలుపు తట్టబోతే నరసింహప్ప నా చేయి పట్టుకొని వాకిట్లో జగలి అరుగు మీద కూర్చోబెట్టాడు.

"ఉండు" అన్నాడు.

ఆయన వేళ్ళు తొడమీద కదలడం మొదలుపెట్టాయి. లోపల పోగును దగ్గరికి కొట్టే పలక ఒకచోట రెండు దెబ్బలు పడుతోంది, ఒకచోట ఒకటే పడుతోంది. జంట, జంట, ఒంటి. జంట, ఒంటి, ఒంటి. నరసింహప్ప కళ్ళు మూసుకున్నాడు.

"ఇది నేత కాదప్పా, దరువు. ఎవురో పాడితే వాయించల్ల దీన్ని. ఆ పాట చదువు."

నేను నోటుబుక్కు తీసి ఆ మగ్గం చప్పుడు మీద చదివాను. "మూత తీసితి" దగ్గర రెండు జంట దెబ్బలు, "నయ్య" మీద ఒంటి దెబ్బ. వారం రోజులుగా కుంటిన మాటలు లేచి నడిచాయి. నరసింహప్ప మెల్లగా పాడాడు. మూడోసారి కొంచెం గట్టిగా పాడాడు.

మగ్గం ఆగింది. కంబళి కప్పిన చప్పుడు. తలుపు తెరుచుకుంది.

"ఏమన్నా, ఎంత బాగా వాయిస్తాండావు!" అన్నాడు నరసింహప్ప, ఏమీ తెలియని మనిషి. "ఈ దరువు నీకెట్ల వచ్చె?"

మునినారాయణప్ప నరసింహప్ప వేళ్ళవైపు చూశాడు, అవి ఇంకా తొడమీద ఆడుతున్నాయి. నా నోటుబుక్కువైపు చూశాడు.

"అది నా అంచు" అన్నాడు. "జరీ పైకి లేస్తే రెండు దెబ్బలు, మునిగితే ఒకటి. కండ్లకు కప్పితే చెవులతో దొంగిలిస్తిరి గదరా!"

తలుపు మూసుకుంది. తర్వాత ఆరు ఆదివారాలు అది తెరుచుకోలేదు.

ఏడో ఆదివారం శాంతమ్మ మనిషిని పంపి మా ఇద్దరినీ పిలిపించింది. వెళ్ళేసరికి నాటకం ఆకులన్నీ నేలమీద పరిచి ఉన్నాయి. పట్టీలు ఊడదీసి ఉన్నాయి. చివరి రెండూ తప్ప ప్రతి ఆకు పక్కనా గీతలు, చుక్కలు. నరసింహప్ప ఒక్క చూపులో చెప్పేశాడు. గీత అంటే జంట దెబ్బ, చుక్క అంటే ఒంటి దెబ్బ. మద్దెలగానికి రాసిపెట్టిన గుర్తులు.

మునినారాయణప్ప గోడకానుకొని కూర్చొని ఉన్నాడు. "మా నాయన వీటిని అంచు లెక్క అన్నాడు. గీతకు జరీ లేపు, చుక్కకు ముంచు అన్నాడు. అమ్మవారు మన ఇంటికిచ్చిన లెక్క, ఎవరికీ చూపించొద్దన్నాడు. ఈ ఆకుల్లో ఇంకా నేయని అంచులు ఉండాయని నేను ఇన్నేండ్లూ దాచిపెడితిని." ఊడిన పట్టీ ఒకటి చేతిలోకి తీసుకొని, "జరీకి రెండు దెబ్బలెందుకు, ఒకటి చాలదా అంటే, రెండే కొట్టల్ల అన్నాడు. ఎందుకో చెప్పలే. తప్పు చదివినాడా, తెలిసే చేసినాడా?" అన్నాడు. ఇప్పుడు నాయన మీద కూడా అనుమానమే.

శాంతమ్మ లోపలినుంచి తన పెళ్ళిచీర తెచ్చింది. అత్తింటి మగ్గం మీద మామ నేసిన చీర. చివరి ఆకులను ఎలుకలు తినకముందు నేసింది. అది నరసింహప్ప ఒళ్ళో పెట్టింది. ఆయన అంచు మీద బొటనవేలు జరుపుతూ, జరీ తగిలినచోట జంట, పట్టు తగిలినచోట ఒంటి, నోటితో పలుకుతూ పోయాడు. దరువు మొదటినుంచి చివరిదాకా అందులో ఉంది.

"ఆడ ఒకటి వదిలితివి" అన్నాడు మునినారాయణప్ప తలెత్తకుండానే.

నరసింహప్ప బొటనవేలు వెనక్కి జరిపాడు. నిజంగానే ఒకటి వదిలాడు.

నవరాత్రుల్లో వీధి చౌడమ్మగుడిలో ఈ నాటకం పాడాలని నరసింహప్ప అన్నాడు. వేషాల్లేవు, కూర్చొని పాడడమే. మునినారాయణప్ప ఒక్కసారి లేచి నిలబడ్డాడు.

"గుడిలోనా? దొడ్డప్ప వస్తాడు. వాడూ నేతగాడే. దెబ్బలు లెక్కపెట్టుకొని ఇంటికి పోయి మగ్గానికి ఎక్కిస్తాడు. మద్దెల వాయించడమంటే నా అంచు వీధిలో చాటించడమే."

ఆయన మాట తప్పని ఎవరం అనలేకపోయాం. చివరికి ఆయనే ఒక దారి చెప్పాడు. "నాలుగు దెబ్బలు తప్పు వాయించు."

"తప్పు వాయిస్తే నా చెయ్యి పడిపోతాదన్నా."

"మూడు?"

"ఏమయ్యా" అంది శాంతమ్మ. "మీ నాయన నాటకం సొమ్ము తెచ్చి చీరకు పెట్టినాడు. నలభై ఏండ్లు దాంతో అన్నం తింటిమి. ఇప్పుడు నాటకం ఎలుకలకు పోగొట్టుకొని నీ వాకిట్లోకొచ్చి అడుగుతాండాది. మైల అని పంపిస్తావా?"

ఆయన పెళ్ళిచీర మడతపెట్టి ఆమెకిచ్చాడు. గడపదాకా మా వెంట వచ్చి, "మద్దెల మెల్లగా వాయించు" అన్నాడు నరసింహప్పతో.

1999 నవరాత్రుల్లో ఏడో రోజు సాయంత్రం గుడి ముందు చాపలు పరిచారు. నేతగత్తె పాటలు శాంతమ్మే పాడింది. నెలల తరబడి బియ్యం ఏరుతూ విన్నవి ఆమెకు నోటికొచ్చాయి. చీపురు దగ్గర జనం ఈలలు వేశారు. మునినారాయణప్ప మాత్రం నాటకం చూడలేదు. ముందు వరసలో కూర్చున్న దొడ్డప్పకు పక్కగా చేరి, అతని చేతివేళ్ళనే చూస్తున్నాడు. దెబ్బ లెక్కపెడితే వేళ్ళు కదలక మానవు.

మూత తీసే దరువు మొదలైంది. నరసింహప్ప మెల్లగా వాయించలేదు. జంట, జంట, ఒంటి. దొడ్డప్ప కుడిచేయి లేచింది. మునినారాయణప్ప ముందుకు వంగాడు. ఆ చేయి తొడమీద పడలేదు. పైకి పోయి చెవి వెనక దొప్పలా నిలిచింది.

"ఏమంటాండారు?" అని దొడ్డప్ప అరిచాడు. "మద్దెల వాయిస్తాండారా, లేదా? దుమ్ముదుమ్మనేదే వినిపిస్తాండాది."

పవర్‌లూముల మధ్య అన్నేళ్ళు కూర్చున్న చెవులవి. దరువు అయిపోయేదాకా అతను పక్కవాళ్ళు తలలాడిస్తే తానూ ఆడించాడు, వాళ్ళు ఆపితే ఆపాడు. మునినారాయణప్ప ఆ తర్వాతే పాడేవాళ్ళవైపు తిరిగాడు. శాంతమ్మ చివరి చరణం పాడుతోంది. అది మాత్రం ఆయన విన్నాడు.

తర్వాతి ఆదివారం నేను వెళ్ళేసరికి తలుపు తెరిచే ఉంది, మగ్గం ఆడుతోంది. ఆయన నన్ను చూసి కంబళివైపు చేయి చాచాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, చేయి వెనక్కి తీసుకొని పోగు మోసే నాడె విసిరాడు. నేను పీట మీద కూర్చొని నోరెత్తకుండా విన్నాను. అంచు పుట్టడం అదే మొదటిసారి చూశాను.

అరగంట కాకముందే వాకిట్లో పెద్ద గొంతు వినిపించింది. "మునియన్నా! ఉండావా?"

దొడ్డప్ప. మునినారాయణప్ప గుంటలోంచి లేచి కంబళి అందుకున్న వేగం ఆ వయసు మనిషిదిగా లేదు. నాలుగు మూలలూ లాగాడు. దొడ్డప్ప లోపలికొచ్చి, నన్ను చూసి నవ్వి, తన గొంతు తనకు వినపడని వాళ్ళలా అరిచాడు.

"నాటకం బాగుండాదంట గదన్నా! వీధంతా ఆ చివరి దరువే తలుస్తాండారు. అది నీ మగ్గం లెక్కేనని, ఆదివారాలు వింటామని పక్కింటోళ్ళంటాండారు, నిజమేనా? నాకు సరిగా వినపడలే. ఒక కాగితం మీద రాసియ్యి. సుమ్నె, చూసేదానికి!"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మునినారాయణప్ప రెండు చేతులూ జోడించాడు. మొహంలో ఎక్కడా నవ్వు లేదు. దొడ్డప్ప చెవికి అందేటట్టు, ఒక్కో మాటా విడదీసి, గట్టిగా చెప్పాడు.

"మా మగ్గమునకు మైల సోకెను దొడ్డప్పా. మూడు పక్షములాయె. ముట్టరాదు, చూడరాదు. పోయిరావయ్యా."

శాంతమ్మ కాఫీ తెచ్చి దొడ్డప్ప చేతికిచ్చింది. అతను ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, చక్కెర వేయడం మరిచిపోయావమ్మా అన్నాడు.